ఇంగ్లండ్ కారుకు పాశమైలారం బుష్షులు

రబ్బరు వంట

రబ్బరు పనిలోకి కొత్తగా వస్తున్న ఆడపిల్లలూ, ఏం చేస్తావని ఎవరైనా అడిగితే "కంపెనీల చేస్తా" అని మాట దాటేయకండి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చుట్టాల దగ్గర నేను అదే చెప్పాను. ఇప్పుడు ఇంట్లో తీరిగ్గా కూర్చుని తలచుకుంటే, అంతకన్నా ఎంత మంచి మాట చెప్పుకోవచ్చో అనిపిస్తోంది. "రబ్బరు వండుతా" అని చెప్పండి. నిజంగా అది వంటే.

పాశమైలారం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో మా షెడ్డు పెద్దదేమీ కాదు. ఒకవైపు మందుల కంపెనీ గోడ, ఇంకోవైపు ట్యాంకర్లు ఆగే ఖాళీ జాగా, మధ్యలో మేము. లారీలకూ ట్రాక్టర్లకూ కావలసిన బుష్షులు, వాషర్లు చేసేవాళ్లం. బుష్షు అంటే తెలియనివాళ్లకు చెబుతాను. రెండు ఇనుప భాగాలు కలిసే చోట, ఒకదాన్నొకటి కొట్టుకోకుండా మధ్యలో ఉండే రబ్బరు గొట్టం. బండి గుంతలో పడితే ముందు దెబ్బ తినేది అదే. బాగున్నన్నాళ్లూ దాన్ని ఎవరూ తలచుకోరు. పాడైతేనే దాని పేరు వినపడుతుంది.

హ్యాండ్ ప్రెస్సు మీద నలుగురం ఆడవాళ్లం పనిచేసేవాళ్లం. నల్లటి రబ్బరు ముద్దను తూచి, చుట్టి, ఇనుప అచ్చులో పెట్టి ప్రెస్సు కిందికి తోయాలి. పిడి కొట్టి ఒత్తిడి ఎక్కించాలి. పైన ఒక ప్లేటు, కింద ఒక ప్లేటు, రెండూ కాలుతూ ఉంటాయి. ముందే తీస్తే లోపల పచ్చి. ఆలస్యమైతే అంచులు పెళుసు. పచ్చి రబ్బరు వాసన ముక్కులో గుచ్చుతుంది, ఉడికిన రబ్బరు వాసన మెల్లగా గొంతులోకి దిగుతుంది. ఆ తేడాతోనే తీసే వేళ తెలుస్తుంది. అట్లాగని గోడ గడియారం వద్దనుకోకండి. జలుబు చేసిన రోజు మిమ్మల్ని కాపాడేది గడియారమే.

ప్రెస్సు నెత్తి మీద మా టిఫిన్ డబ్బాలు పెట్టుకునేవాళ్లం. మధ్యాహ్నానికి కూర పొయ్యి మీంచి దింపినట్టు ఉండేది. కొత్తగా వచ్చిన ప్రతి సూపర్‌వైజరూ మొదట వద్దనేవాడు, తర్వాత తన డబ్బా కూడా తెచ్చి పెట్టేవాడు. షెడ్డు యజమాని విఠల్ సారు ఒక్కడే ఎన్నడూ పెట్టలేదు. ఆయన తన గదిలో తలుపు వేసుకుని తినేవాడు.

కొబ్బరినూనె

మా మొదటి సూపర్‌వైజరు వట్టి కోపిష్టి. పొద్దున గేటు దగ్గర ఆయన స్కూటరు చప్పుడు వినపడితే మా మాటలు ఆగిపోయేవి. అయినా నాకు ఈ పనిలో మొదటి పాఠం చెప్పింది ఆయనే.

ఒకసారి చేసిన బుష్షులు చేసినట్టే పాడయ్యాయి. బుష్షు లోపల ఉండే ఉక్కు గొట్టం మీద రబ్బరు అతకాలి, అతకడం లేదు. గోరు పెడితే అరటి తొక్కలా ఊడి వస్తోంది. కొందరు గొట్టానికి పూసే మందు మంచిది కాదన్నారు, కొందరు వేడి చాలలేదన్నారు. ఆయన ఆ రోజు అరవలేదు. మమ్మల్ని వరుసగా నిలబెట్టి ఒక్కొక్కరి చేతి వేళ్లు వాసన చూశాడు. సత్తెమ్మ దగ్గర ఆగాడు.

సత్తెమ్మది మోకాళ్ల దాకా జడ. పొద్దున్నే కొబ్బరినూనె ముంచి అల్లుకుని వచ్చేది. పనిలో మాటిమాటికీ ముందుకు పడే జడను వెనక్కి తోసుకుని, అదే చేత్తో ఉక్కు గొట్టం పట్టుకునేది.

"నీ జడ మంచిగనే ఉన్నది గని, నా బుష్షుకు గిట్టుతలేదు," అన్నాడాయన.

సత్తెమ్మ తక్కువ తిన్నదా? "మరి మీ మీసాలకు రాసుకున్న నూనె ఏం చేస్తున్నది సార్?" అంది.

షెడ్డంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు, నేను చూశాను. మర్నాటి నుంచి తలకు గుడ్డ, చేతులకు తొడుగులు వచ్చాయి. నూనె రబ్బరును ఉక్కుకు అతకనివ్వదు. అతికిన రబ్బరును కూడా మెల్లగా తినేస్తుంది. ఆయన అరుపుల వల్ల మేము నేర్చుకున్నది ఏమీ లేదు. అరవకుండా వాసన చూసిన రోజే నేర్చుకున్నాం. రేపు మీరు సూపర్‌వైజర్లు అయితే ఇది గుర్తుపెట్టుకోండి.

డాక్టరు సారు కారు

విఠల్ సారు చెడ్డవాడు కాదు. మా ఇళ్లలో ఎవరికి బాగాలేకపోయినా అడిగేవాడు. కానీ లెక్క చూసేటప్పుడు మనిషి మొహం చూడడు. చాలా ఏళ్లు గడిచాక షెడ్డులోకి కొత్త ఆటోమేటిక్ మెషీన్ వచ్చింది. మెషీన్ మంచిదే, నాకు దాని మీద కోపం లేదు. ఒకే రకం బుష్షులు గుట్టలు గుట్టలు కావాలంటే దానికి సాటి లేదు. అది కుదురుకున్నాక సారు ఒకరోజు మా దగ్గరికి వచ్చాడు.

"నెలాఖరుకు ఈ ప్రెస్సు హీటర్లు బంద్ చేద్దాం. చల్లారినంక స్క్రాపోళ్లను పిలుస్తా."

"మరి మేము సార్?" అంది సత్తెమ్మ.

"మెషీన్ మీద ఒక్కరు చాలు. మిగిలినోళ్లకు ప్యాకింగ్ కాంట్రాక్టర్‌తోని మాట్లాడుతా."

ప్యాకింగ్ అంటే ఇవాళ పిలిచి రేపు వద్దనే పని. ఆ మధ్యాహ్నం ప్రెస్సు మీద నాలుగు డబ్బాలూ వేడిగానే ఉన్నాయి. ఎవరూ వెళ్లి తీసుకోలేదు.

సరిగ్గా ఆ వారంలోనే యాదగిరి వచ్చాడు. మా ఊరివాడు, వరసకు నాకు తమ్ముడు. భానూర్ దారిలో లారీల సస్పెన్షన్ బాగుచేసే షెడ్డు వాడిది. సంచిలోంచి ఒక పాత బుష్షు తీసి నా చేతిలో పెట్టాడు.

"ఏ లారీదిరా ఇది? గింత చిన్నగున్నది."

"లారీది కాదక్కా. ఇంగ్లండ్ కారుది. రెండే సీట్లు, మీద టాపు గుడ గుడ్డదే. కొల్లూరు దిక్కు ఒక ఎముకల డాక్టర్ సారు ఉన్నడు, ఆయనది. వాళ్ల నాయన నడిపిన కారట. పోతుంటే ఎనక టక్కు టక్కుమంటది. మలుపు తిప్పితే ముందు భాగం ఒక దిక్కు, ఎనక భాగం ఒక దిక్కు."

వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తాను. ఆ కారులో ఒక్కో వెనక చక్రాన్ని ఒక్కో ఇనుప చేయి పట్టుకుని ఉంటుంది. ఆ చేయి రెండు చోట్ల, చోటుకో బుష్షు మధ్యలో పెట్టి, కారు ఫ్రేముకు బోల్టులతో బిగించి ఉంటుంది. ఆ చోట్లే అరిగిపోయాయి. గుండ్రటి రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి సాగాయి, పక్కన ఫ్రేము పగిలింది. యాదగిరి లారీ అలవాటు కొద్దీ మందపాటి ప్లేటు వేసి వెల్డింగ్ కొట్టబోతే డాక్టరు సారు చేయి పట్టుకున్నాడట.

"పలచటి ఎముకకు లావు రాడ్డు వేస్తే, రాడ్డు పక్కనే ఎముక మళ్లీ విరుగుతుంది యాదగిరీ."

ఆ మాట వాడికి ఎక్కింది. ఫ్రేము ఎంత మందమో అంతే మందం ప్లేటు కోసి, వేడికి వంకర పోకుండా కొంచెం కొంచెంగా అతికాడు. సాగిన రంధ్రాలు పూడ్చి కొత్తవి తొలిచాడు. తర్వాత కారును చూసినప్పుడు నాకు అతుకు ఎక్కడుందో వేలితో తడిమితే తప్ప తెలియలేదు. ఇక మిగిలింది రబ్బరు. డాక్టరు సారు బయటి దేశం నుంచి గట్టి ప్లాస్టిక్ బుష్షులు తెప్పిస్తే చప్పుడు పోయింది కానీ ప్రతి గుంతా నడుములో దిగుతోందట. ఆ పాత మోడలుకు రబ్బరువి దొరకలేదు.

నేను ఆ బుష్షు పట్టుకుని తిన్నగా విఠల్ సారు గదిలోకి వెళ్లాను.

"సార్, గీ నాలుగు బుష్షుల కోసం మెషీన్ తిప్పలేం. హ్యాండ్ ప్రెస్సు మీదనే చెయ్యాలె. డాక్టర్ సారు అసోంటి పాత కార్లోళ్లు హైదరాబాద్‌ల మస్తు మంది ఉన్నరట. ఈ కారు బాగైతే అందరు మన దగ్గరికే వస్తరు."

ఆయన బుష్షును బల్ల మీద దొర్లించాడు. 

"ఆ కారు సప్పుడు లేకుంట నడిస్తే ప్రెస్సు ఉంటది. నడవకపోతే నన్నేం అడగొద్దు అంజమ్మా."

ముసలి రబ్బరు

మా షెడ్డులో రబ్బరు పరీక్షలు చూసేది స్వప్న. కాలేజీలో ఆ చదువే చదివి వచ్చిన పిల్ల. పాత బుష్షుకు గట్టిదనం చూసే మీటరు పెట్టింది. అంతే గట్టి రబ్బరు కలిపేద్దామన్నాను నేను. తల అడ్డంగా ఊపింది.

"వద్దక్కా. ఇది ముసలి రబ్బరు. ఏండ్ల కొద్దీ ఎండి గట్టిపడ్డది. ఇప్పుడున్నట్టే చేస్తే ముసలి బుష్షే పుడ్తది. పుట్టినప్పుడు ఎంత మెత్తగుండెనో అంత కావాలె."

నాకు తట్టని మాట అది. ముసలమ్మను చూసి పసిపిల్లకు గౌను కుట్టబోయాను. స్వప్న మెత్తటి రబ్బరుకు కలపాల్సిన పాళ్లు చెప్పింది, మేము వండాం. ఒక బుష్షును నిలువునా కోసి చూస్తే రబ్బరు ఉక్కును విడవకుండా పట్టుకుని ఉంది. మిగిలినవి గుడ్డలో చుట్టి, పెళ్లికూతుర్ని పంపినట్టు యాదగిరితో పంపాం.

కొద్ది రోజులకే వాడు మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"మీ రబ్బరు ఖరాబున్నదక్కా."

బుష్షులు ఉబ్బి, జిగటగా ఉన్నాయి. నొక్కితే వేలు దిగబడుతోంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఎన్నో ఏళ్ల కిందటి కొబ్బరినూనె రోజు గుర్తొచ్చింది.

"ఏం పూసినవ్‌రా దీనికి?"

"గ్రీజే గదక్కా. మామూలుది గుడ కాదు. లారీలకు వాడను, దాసిపెట్టుకున్న డబ్బా. పెద్ద సారు కారని మంచిగ నింపిన."

"ముద్దు చేసి సంపినవ్ గదరా!"

వాడి తప్పు కూడా కాదనుకోండి. మన దగ్గర లారీ అన్నా, ట్రాక్టరన్నా, బుష్షు కనపడితే గ్రీజు కొట్టడమే పద్ధతి. లారీల్లో వాడు రోజూ చూసే ఇత్తడి బుష్షులో పిన్ను తిరుగుతుంది, గ్రీజు లేకపోతే అరుగుతుంది. ఈ కారు బుష్షులో ఏదీ తిరగదు. చక్రం లేచి పడుతుంటే రబ్బరే కొంచెం మెలి తిరిగి, మళ్లీ తన చోటికి వస్తుంది. దానికి గ్రీజు మందు కాదు, విషం.

విఠల్ సారు ఉబ్బిన బుష్షులు చూశాడు.

"తప్పు గ్రీజుది సార్, రబ్బరుది కాదు," అన్నాను.

"కారు నడిరోడ్డు మీద ఆగితే గ్రీజుదా, రబ్బరుదా అని ఎవరడుగుతరు అంజమ్మా? నెలాఖరు దగ్గరకొస్తున్నది."

ఆయన మాటలో అన్యాయం లేదు. బండి నడిపేవాడికి కావలసింది మన సంజాయిషీ కాదు.

పిండిన బట్ట

మళ్లీ వండాం. ఈసారి యాదగిరి పొడిగా బిగించాడు. కారు మెత్తగా పోతోందని డాక్టరు సారు ఫోన్ చేసి చెప్పాడు. సత్తెమ్మ అందరికీ మిర్చీలు తెప్పించింది. ఆ మిర్చీల రుచి నోట్లో ఉండగానే, టక్కు చప్పుడు మళ్లీ మొదలైందని కబురొచ్చింది.

యాదగిరి బుష్షులు తెచ్చి బల్ల మీద పోశాడు. ఈసారి వాడి గొంతులో జంకు లేదు.

"సుక్క గ్రీజు పెట్టలే. ఒట్టు. ఇగ మీ వంటల్నే ఏదో ఉన్నది."

రబ్బరు చీలిపోయింది. మాటలు అనుకోవడం తర్వాత, ముందు చీలిక చూద్దామని వెలుతురులోకి తీసుకెళ్లాను. ఉక్కును విడిచి ఊడలేదు. నిలువుగానూ చీలలేదు. గొట్టం చుట్టూ ఏటవాలుగా, మెలికలు మెలికలుగా చీలింది. ఇట్లాంటిది నేను రోజూ చూస్తాను, కానీ షెడ్డులో కాదు, ఇంట్లో బావి గట్టు మీద.

"స్వప్నా, ఇటు రా బిడ్డా. దుప్పటి పిండితే మడతలు ఎట్ల పడ్తయి? గట్లనే లేదూ?"

స్వప్న కాసేపు చూసింది. మంచి బుష్షు ఒకటి తీసి, రెండు చేతులతో మెలేసి వదిలింది. అది టక్కున వెనక్కి తిరిగింది. మళ్లీ మెలేసి అట్లాగే పట్టుకుని యాదగిరిని అడిగింది.

"అన్నా, బోల్టు ఎప్పుడు బిగించినవ్?"

"జాకీ మీద లేపినప్పుడు. ఇంకెప్పుడు బిగిస్తరు?"

"అప్పుడు చక్రం కిందికి యాలాడుతున్నదా?"

"గాల్ల లేపితే యాలాడక నిలవడ్తదా?"

"గదే అన్నా!" అని స్వప్న తన చేయి చాపి చూపించింది. "చక్రం యాలాడినప్పుడు చేయి కిందికి వంగి ఉంటది. అక్కడ బిగిస్తే రబ్బరు అదే తన సోటనుకుంటది. కారును నేల మీద దించంగనే చేయి మీదికి లేస్తది. అంటే కారు కదలకముందే రబ్బరును పిండి పెట్టినట్టు. ఆ మీద మన రోడ్డు గుంతలు."

యాదగిరి అక్కడున్న డ్రమ్ము మీద కూలబడ్డాడు. వాడు వాదిస్తాడనుకున్నాను. ఇన్నేళ్ల లారీ పని, ఇంతమంది ఎదుట. వాడు చీలిన బుష్షును వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూసి లేచాడు.

"కారును కాళ్ల మీద నిలబెట్టి బిగిస్తా. మీరు వండుండ్రి."

నా ఉద్యోగంలో గట్టిగా మాట్లాడే మగవాళ్లను చాలామందిని చూశాను. అంత తేలిగ్గా చేతి పని మార్చుకున్నవాడిని చూడలేదు. మీకు అట్లాంటి మనిషి దొరికితే వదులుకోకండి.

సత్తెమ్మ కూర్చున్న సీటు

ఆదివారం మేమంతా యాదగిరి షెడ్డుకు వెళ్లాం. కారును అప్పుడే మొదటిసారి చూశాను. ముదురాకుపచ్చ రంగు. ఎంత కిందికి ఉందంటే, పక్కన నిలబడితే మన పైట దాని తలుపు మీద పడుతుంది. లారీలను కింది నుంచి చూసే గుంత మీద నాలుగు చక్రాలూ నేలకు ఆనించి నిలబెట్టాడు. బోల్టులు వదులుగా పెట్టి ఉంచాడు.

స్వప్న ఇంకో మాట అంది. ఖాళీ కారు కన్నా మనుషులు కూర్చున్న కారు కిందికి దిగుతుంది, సీట్లు వెనక చక్రాలకు దగ్గర కదా, కాబట్టి బరువు పెట్టి బిగిస్తే ఇంకా మంచిదని. యాదగిరి సిమెంటు సంచులు తెప్పించాడు. డాక్టరు సారుకు ఫోన్ చేస్తే ఆయన గొంతు షెడ్డంతా వినపడింది.

"మా నాన్న కూర్చున్న తోలు సీటు మీద సిమెంటా! మనుషుల్ని కూర్చోబెట్టండి. నేను రాలేను, కంటి పరీక్షకు వచ్చి ఇక్కడ ఇరుక్కున్నాను."

ఆ కారులో తిరిగేది డాక్టరు సారూ, ఆయన భార్యా. సారు భారీ మనిషి. ఆయన భార్య సన్నం. యాదగిరి మా అందర్నీ ఒకసారి చూసి, సత్తెమ్మ దగ్గర చూపు ఆపాడు.

"ఏందిరా సూస్తవ్? నేను డాక్టర్ సారంత ఉన్ననా?"

"లేవు వదినా. జెర తక్కువనే ఉన్నవ్. టిఫిన్ డబ్బా ఒళ్లె పెట్టుకో, సరిపోతది."

సత్తెమ్మ చెప్పు తీసినంత పని చేసింది. మళ్లీ తనే తలుపు తీసి, కాళ్లు దులుపుకుని, స్టీరింగు ముందు రాణిలా కూర్చుంది. సారు భార్య సీట్లో నేను. సత్తెమ్మ ఒళ్లో డబ్బా, ముందు గుండ్రటి మీటర్లు, కింద గుంతలో యాదగిరి.

"కదలకుండ్రి!"

"ఊపిరి తీసుకోవచ్చునా, అది గుడ వద్దా?"

"తీస్కో. నవ్వకు. నవ్వితే కారు ఊగుతున్నది."

అంత మాటన్నాక నవ్వకుండా ఎవరు ఉండగలరు? మేము నవ్వు ఆపుకున్నప్పుడల్లా వాడు ఒక చుట్టు బిగించాడు. నాలుగు బోల్టులూ అట్లాగే బిగిశాయి. మా ఇద్దరి బరువు ఆ కారు రబ్బరులో ఉందంటే ఉన్నట్టే.

మా రోడ్డు

డాక్టరు సారు కొన్నాళ్లు నడిపి చూసుకున్నాడు. నెలాఖరుకు ఒకరోజు ముందు కారుతో మా గేటులోకి వచ్చాడు. విఠల్ సారును పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ట్యాంకర్లు తిరిగి తిరిగి మా ఎస్టేట్ రోడ్డు ఎట్లా ఉంటుందో ఆ దారిన పోయినవాళ్లకు తెలుసు. కారు గేటు దాటింది. మేము నలుగురం, స్వప్న, యాదగిరి గోడ పక్కన నిలబడ్డాం. మొదటి గుంత. వెనక భాగం మెత్తగా దిగి మెత్తగా లేచింది. రెండో గుంత. మూల దగ్గర డాక్టరు సారు వేగం తగ్గించకుండా తిప్పాడు. ముందు చక్రాలు ఎటు పోయాయో వెనకవి అటే పోయాయి. యాదగిరి నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"సప్పుడున్నదా అక్కా? నాకు ఇనవడ్తలేదు. మీకు ఇనవడ్తున్నదా?"

"నీ గుండె సప్పుడొక్కటే ఇనవడ్తున్నదిరా," అంది సత్తెమ్మ.

కారు తిరిగొచ్చింది. విఠల్ సారు దిగి, వెనక చక్రం దగ్గర వంగి చూశాడు. అరచేత్తో వెనక భాగాన్ని రెండుసార్లు నొక్కాడు. అది దిగింది, లేచింది. ఆయన లేచి నిలబడి మా వైపు చూశాడు.

"హీటర్లు బంద్ చెయ్యకుండ్రి," అన్నాడు.

సత్తెమ్మ వేసిన కేకకు మందుల కంపెనీ వాచ్‌మన్ గోడ మీంచి తొంగి చూశాడు. డాక్టరు సారు హారన్ కొట్టాడు. దాని గొంతు కూడా వేరేగా ఉంది, బాతు పిలిచినట్టు.

ఆయన ఫోనులో స్నేహితులకు ఏం పెట్టాడో కానీ, తర్వాత మా గేటు ముందుకు రకరకాల పాత కార్లు వచ్చాయి. కొన్నిటి పేర్లు నాకు నోరు తిరగదు. అన్నిటి బుష్షులూ హ్యాండ్ ప్రెస్సు మీదే పుట్టాయి. మా నలుగురిలో ఎవరూ ప్యాకింగుకు పోలేదు. యాదగిరి షెడ్డులో లారీల గుంత పక్కన కార్లకు వేరే గుంత వచ్చింది.

నేను కిందటి ఏడు పని మానేశాను. చివరి రోజు పుంటికూర పప్పు వండుకుని పోయి, ఎప్పటిలాగే డబ్బా ప్రెస్సు నెత్తిన పెట్టాను. మధ్యాహ్నం తీద్దామని వెళ్తే, విఠల్ సారు అక్కడ నిలబడి ఉన్నాడు. చేతిలో స్టీలు డబ్బా.

"మీ డబ్బాలు జెర జరుపుండ్రి," అన్నాడు. "నాది గుడ పెట్టాలె."